కోపం ఎవరికొచ్చింది? ఆత్మ విచారణ చేసే తీరు

మన దిక్కు "ఎరుకేనా?" అంటే తెలుసా అని. రమణ మహర్షి చెప్పిన "నేనెవరు" విచారణ ఆ ఎరుక ఎక్కణ్నుంచి లేస్తుందో చూడమంటుంది.

పొద్దుగాల చాయ్ తాగకముందు 15 నిమిషాలు చాలు. చాప మీదైనా కుర్చీలోనైనా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. మొదటి 3 నిమిషాలు ఊపిరి రాకపోకలు చూడండి, బిగబట్టొద్దు. తర్వాత ఏదో ఆలోచన వస్తుంది: బోరు ఎండింది, బిడ్డ ఫీజు కట్టాలి. తరమకండి. "ఇది ఎవరికి తోచింది?" "నాకు." "ఆ నేను ఎవరు?" అక్కడ ఆగండి. జవాబు చెప్పుకోవద్దు. చూపు ఆలోచన మీంచి ఆలోచించేవాడి మీదికి మళ్లితే ప్రశ్న పని అయిపోయింది. చితిని కదిపే కట్టె ఆఖరికి తానూ కాలిపోయినట్టు ఈ ప్రశ్నా పోతుందన్నారు మహర్షి. ఇంకో ఆలోచన లేచేదాకా మళ్లీ అడగకండి.

చాలామంది దీన్ని జపం చేసేస్తారు. పెదవులు ఆడతాయి, చూపు మాత్రం మళ్లదు. ఇంకొందరు "నేను ఆత్మను" అని చదివిన జవాబు తెచ్చి పెడతారు. అదీ ఆలోచనే, అది ఎవరికి తోచిందో అడగాలి. కునుకును ధ్యానమనుకోవడం మరో పొరపాటు. దాన్ని లయం అంటారు. లేచాక మత్తుగా ఉండి, జరిగిందేదీ యాదికి రాకపోతే అది లయమే. కళ్లు సగం తెరవండి, రాత్రి తిండి తగ్గించండి. దిగులు, భయం ఎక్కువగా ఉన్నవాళ్లు గంటలకొద్దీ కూర్చోవద్దు, ముందు డాక్టరును కలవాలి.

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోతే గర్భగుడిలో నీడను కాసేపు చూడండి. స్తంభం నీడలా ఉంటుంది, పొద్దంతా కదలదు. ఏ స్తంభానిదని వెతికితే ఏ ఒక్కదానిదీ కాదు. స్తంభాల నడుమ నుంచి వచ్చే వెలుతురంతా కలిసి అట్లా కనబడుతుంది. "నేను" కోసం ఒంట్లో, పేరులో, జ్ఞాపకాల్లో వెతికినా అంతే.

అసలు పరీక్ష చెల్క (పొలం) గట్టు కాడ హద్దు పంచాయితీ వచ్చినప్పుడు. గొంతు లేవకముందే ఛాతీ బిగుసుకుంటుంది, దాన్ని పట్టుకోండి. ఒక్క ఊపిరి వదిలి, "కోపం ఎవరికొచ్చింది?" అని లోపల అడగండి. హద్దు మాత్రం వదులుకోనక్కర్లేదు, కొలిపించమని గట్టిగానే అడగండి. మొదట్లో ఈ ప్రశ్న అంతా అయిపోయి ఇంటికొచ్చాక యాదికొస్తుంది. కొన్నాళ్లకు తిట్టు నోట్లో ఉండగానే వస్తుంది.