మహేంద్రగిరి మీద రాత్రి బస: ఎలా సిద్ధం కావాలి?

శ్రీకాకుళం జిల్లా మందసకు వాయవ్యాన ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. మన వైపు వారు మందస మండలంలోని సవర గూడేల మీదుగా నడిచి ఎక్కుతారు. ఎత్తు వల్ల ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు, ఆ ఇబ్బంది సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే వస్తుంది. చాలామంది ఎక్కడం గురించే ఆలోచిస్తారు. కానీ ఈ కొండ పరీక్ష పెట్టేది రాత్రిపూట. సన్నాహమంతా ఆ రాత్రి కోసమే చేసుకోవాలి.

1. కాలం, అనుమతి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపానులను తేలిగ్గా తీసుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ విరుచుకుపడింది ఈ ప్రాంతం మీదే. ఏకాంతం కావాలంటే శివరాత్రి వద్దు, ఆ రోజు కొండంతా భక్తులే. బసకు ముందుగానే ఒడిశా అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఏనుగులు తిరుగుతున్నాయని తెలిస్తే ప్రయాణం మానుకోవాలి, ఇందులో రెండో మాట లేదు.

2. దారి తెలిసిన తోడు

పోడు పొలాలకూ కట్టెలకూ వెళ్లే బాటలు అడుగడుగునా చీలుతుంటాయి. ఫోనులోని పటానికి అవి తెలియవు. గూడెంలో పెద్దలను పలకరించి, తోడుగా ఒకరిని పంపమని అడగండి. కూలి ముందే మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వండి. బయలుదేరేముందు ఆయన్ను ఒకటి తప్పక అడగాలి: “అన్నా, ఇప్పుడు పైన ఏ ఊటలో నీళ్లున్నాయి?” వేసవి దగ్గరపడేకొద్దీ ఊటలు ఒక్కొక్కటీ ఎండిపోతాయి. బస ఎక్కడన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.

3. సంచిలో ఏముండాలి

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. మందసలో 16 డిగ్రీలుంటే శిఖరం మీద ఆరేడుకు పడిపోవచ్చు, ఆపైన గాలి. చెమటకు తడిసిన నూలు చొక్కా త్వరగా ఆరదు. పైకి చేరగానే విప్పేసి పొడిది తొడుక్కోండి. దుప్పటి ఎంత మందమైనదైనా కింద ఫోమ్ పరుపు లేకపోతే నేల చలి వీపును పట్టేస్తుంది. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్లు, తలకు కట్టుకునే లైటు, దోమతెర తప్పనిసరి. తిండికి అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం చాలు. మందస కోవా నాలుగు ముక్కలుంటే మరీ మంచిది.

4. బస

డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది. మూడున్నరకే నడక ఆపండి. గెడ్డ (వాగు) ఒడ్డున గుడారం వేయకండి. నీటికోసం జంతువులు వచ్చే చోటది. కొండ కొమ్మున గాలి నిలవనివ్వదు. శిఖరానికి కాస్త దిగువన, గాలికి అడ్డున్న చదును నేల వెతకండి. రాత్రి చలికి భయపడి గుడారాన్ని పూర్తిగా మూసేస్తే మన ఊపిరి తేమే లోపలి బట్టకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలుగా దుప్పటి మీద పడుతుంది. పైభాగంలో వేలెడంత సందు వదలండి. జిప్పు మాత్రం కిందిదాకా లాగాలి, కట్లపాములు తిరిగేది రాత్రుల్లోనే. ఉదయం బూట్లు దులిపి తొడుక్కోండి.

ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. తినేవి గుడారంలో పెట్టుకోకుండా దూరంగా చెట్టుకు వేలాడదీయండి. చీకటి పడ్డాక బస చుట్టుపక్కల కదలాల్సివస్తే నలుగురూ మాట్లాడుకుంటూ నడవండి, చప్పుడు వింటే సాధారణంగా అవే తప్పుకుంటాయి. ఎండిన గడ్డిలో మంట వేయవద్దు. వంటకు చిన్న గ్యాస్ పొయ్యి చాలు. ఊట నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించే తాగాలి.

5. దిగివచ్చాక

ఏజెన్సీ మలేరియాను తేలిగ్గా తీసుకోకండి. కుట్టిన దోమ ప్రభావం వారం, రెండు వారాలకు గానీ బయటపడకపోవచ్చు. దిగివచ్చిన నెలలోపు జ్వరం వస్తే మాత్రలు మింగి ఊరుకోక, కొండ మీద పడుకున్నామని వైద్యుడికి చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.