తుపాన్ల నెల రాకముందే కంప్రెసర్ రిలే చూసుకోండి

అక్టోబరు అంటే మన శ్రీకాకుళం తీరానికి దడే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెల రెండో వారంలోనే వచ్చాయి. దసరా సెలవులు, విజయనగరంలో సిరిమానోత్సవం కూడా అటూ ఇటూగా అప్పుడే. కారవాన్, అంటే లోపలే పడుకుని ఊళ్లు తిరిగే బండి, బయటికి తీసేదీ అప్పుడే. నా బండి వెనకభాగం గాలి బెలూన్ల మీద నిలబడుతుంది. వాటికి గాలి కొట్టే కంప్రెసర్ 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. మధ్యలో ఒక చిన్న రిలే ఉంటుంది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. టెన్షన్ అంతా దానితోనే.

పోయినేడు కళింగపట్నం బీచ్ దగ్గర రెండు రాత్రులు ఉన్నాం. మూడో రోజు పొద్దున్న స్విచ్ వేస్తే రిలే టక్‌మంది, కంప్రెసర్ మాత్రం ఉలకలేదు. మోటారు కాలిపోయిందనుకుని కొత్తది కొనడానికి సిద్ధపడ్డాను. శ్రీకాకుళంలో ఆటో ఎలక్ట్రీషియన్ రిలే పీకి నా చేతిలో పెట్టాడు. ఒక పిన్ను గోధుమరంగుకి తిరిగింది, హోల్డర్ ప్లాస్టిక్ కరిగి ఉంది, తీగ చివర పచ్చటి చిలుము. "టక్‌మంటే సరిపోదు బాబూ, కరెంటు అవతలికి పోతందా లేదా సూడాల" అన్నాడు.

అసలు సంగతి అదే. రిలేలో 85, 86 అనే నంబర్ల పిన్నుల మధ్య ఉండేది కాయిల్, అంటే తీగ చుట్ట, దానికి చాలా తక్కువ కరెంటు చాలు. టక్‌మనేది దాని వల్లే. కంప్రెసర్‌కి వెళ్లే పెద్ద కరెంటు లోపలి కాంటాక్టులు కలిసినప్పుడు 30వ పిన్ను నుంచి 87కి పోతుంది. ఆ కాంటాక్టులు మాడిపోయినా టక్ మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి సెప్టెంబరులోనే ఒక పూట కేటాయించండి. ముందుగా ఒక మాట: బెలూన్ల మీద నిలిచిన బండి కిందికి దూరొద్దు. గాలి దిగితే బండి బాడీ మీ మీదే కూర్చుంటుంది. జాకీ ఒక్కటీ చాలదు, స్టాండ్లు పెట్టాలి.

ఫ్యూజు బాగుంటే రిలే పీకి మల్టీమీటరుతో 85, 86 మధ్య ఓమ్స్ చూడండి. 12 వోల్టుల రిలేలో మామూలుగా 70 నుంచి 100 దాకా వస్తుంది. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే. కానీ నాకు నమ్మకమున్న పరీక్ష వేరే ఉంది. రిలే తిరిగి పెట్టి, కంప్రెసర్ తిరుగుతుండగా మీటరును వోల్టుల్లో పెట్టి ఒక తీగ 30కి, ఇంకోటి 87కి ఆనించండి. 0.2 వోల్టు లోపుంటే పర్వాలేదు. అర వోల్టు దాటిందా, ఆ తేడా అంతా అక్కడ వేడిగా మారుతున్నట్టే. కంప్రెసర్ ఎర్తు తీగనూ ఇలాగే చూడండి. ఉప్పుగాలికి ముందు పాడయ్యేది ఛాసిస్ మీది ఆ బోల్టే.

దీనికి తిరగబడిన జబ్బు కూడా ఉంది. కాంటాక్టులు అతుక్కుపోతే స్విచ్ ఆపినా కంప్రెసర్ ఆగదు, చివరికి సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంది. రిలేని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి విడదీసేవాళ్లున్నారు. ఒకసారి విడిపోయినా దారిలో మళ్లీ అతుక్కుంటుంది. ఫ్యూజు పీకేయండి, రిలే మార్చండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఆంపియర్లది వేయడం ఇంకా ప్రమాదం, ఫ్యూజుకి బదులు తీగ కాలుతుంది.

రిలే పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. తీగ హోల్డర్‌లోకి వెళ్లే ముందు కిందికి వంగి పైకి లేవాలి, అప్పుడు వాన చుక్కలు ఆ వంపు దగ్గరే జారిపోతాయి.

బండిలో స్పేర్ రిలే తప్పనిసరి. వోల్టులు, ఆంపియర్లు సరిపోతే చాలదు, పక్కన ముద్రించిన బొమ్మ కూడా పాతదానితో పోల్చండి. ఆ బొమ్మలో డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) గుర్తుంటే 85, 86 తారుమారు కాకూడదు. నేను మార్చేసి ఒక కొత్త రిలేని ఇంటి ముందే తగలేశాను.