‘శిక్ష పడింది’ అన్న వార్త వస్తే ఏమేం చూడాలి

2024 మే 31 పొద్దున కావలిలో మా వీధి చివర టీ బంకు దగ్గర రెండే మాటలు. జూన్ 4న కౌంటింగ్‌లో మన దగ్గర ఎవరు గెలుస్తారు, అమెరికాలో ట్రంప్ జైలుకు పోతాడా. మే 13న ఓట్లు వేసేశాం, ఈవీఎంలు స్ట్రాంగ్‌రూముల్లో ఉన్నాయి, అందరికీ లోపల టెన్షన్. అలాంటప్పుడు, మన టైము ప్రకారం తెల్లవారుజామున, న్యూయార్క్‌లో పన్నెండు మంది జ్యూరీ 34 అభియోగాల్లోనూ ట్రంప్‌ను దోషి అని తేల్చింది. ఆ దేశంలో మాజీ అధ్యక్షుడు ఒకరు క్రిమినల్ కేసులో దోషిగా తేలడం అదే మొదటిసారి. పైగా ఆయన మళ్లీ అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు.

మా మేనల్లుడు ఫోన్ నా ముందు పెట్టాడు. "ఏంది మామా, ముప్పైనాలుగు కేసులంట, ఒక్కోదానికి నాలుగేళ్లంట. మొత్తం 136 ఏళ్లు జైలంట. ఇంక ఆయన పని అయిపోయినట్టే గదా?" అన్నాడు. పక్కనే ఉన్న వాడి బావమరిది, "ఏం కాదు, ఇంకా ఎక్కువ ఓట్లు పడతాయి చూడు" అన్నాడు. మాటామాటా పెరిగి, అమెరికా నుంచి మన ఊరి నాయకుల మీదికి వచ్చి, పోసిన టీ తాగకుండానే ఇద్దరూ చెరోదిక్కు పోయారు. పది రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

నేను కోర్టుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం బెంచి క్లర్కుగానే. ఇలాంటి వార్త వచ్చినప్పుడు నేనైతే ఏ వరసలో చూస్తానో ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట అడగాల్సింది: కేసు ఏ మెట్టు మీద ఉంది? ఎఫ్ఐఆర్ ఒక మెట్టు. చార్జిషీటు ఇంకో మెట్టు. కోర్టు అభియోగాలు నమోదు చేయడం దాని పైది. ఆ తర్వాత సాక్షులు, వాదనలు, దోషి అవునా కాదా అన్న తీర్పు, శిక్ష, అప్పీలు. మనవాళ్లు "కేసు పడింది", "శిక్ష పడింది" అనే రెండు మాటలనూ ఒకే ఊపులో అనేస్తారు. ఆ రెండింటికీ మధ్య ఒక్కోసారి పదేళ్లుంటాయి.

ఒకసారి నా టేబుల్ దగ్గరికి ఒక పెద్దాయన పేపర్ ముక్క పట్టుకుని వచ్చాడు. పల్లెలో నలుగురిలో పేరున్న మనిషి, పంచాయతీ ఎన్నికల్లో నిలబడదామని ఉన్నాడు. గట్టు తగాదాలో కొట్లాట కేసు. ముందురోజే కోర్టు ఆయన మీద అభియోగాలు చదివి వినిపించింది, అంతే జరిగింది. పేపర్లో మాత్రం శిక్ష పడిందని వేశారు. చెమటకు తడిసిన ఆ ముక్కను డాకెట్ల మీద పరిచి, "నాకు శిక్ష ఎప్పుడు పడింది నాయనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ల తర్వాత ఆ కేసు కొట్టేశారు. ఆలోపు ఎన్నికలూ అయిపోయాయి, కూతురికి కుదిరిన సంబంధమూ వెనక్కి పోయింది. మెట్టు చూడమని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

రెండోది, అంకెను విప్పి చూడండి. ముప్పైనాలుగు అనగానే ముప్పైనాలుగు చోట్ల తప్పు చేశాడని అనిపిస్తుంది. అది ఒకే కేసు. 2016 ఎన్నికల ముందు స్టార్మీ డేనియల్స్ అనే నటి నోరు విప్పకుండా ట్రంప్ లాయర్ మైఖేల్ కోహెన్ 1,30,000 డాలర్లు ఇచ్చాడు. 2017లో ఆ డబ్బు కోహెన్‌కు తిరిగి చెల్లిస్తూ, లాయర్ ఫీజు కింద లెక్కల్లో రాశారు. అలా పుట్టిన కాగితాలు 11 ఇన్‌వాయిస్‌లు, 11 చెక్కులు, లెక్కల పుస్తకంలో 12 పద్దులు. కూడితే 34. ఇంకో నేరాన్ని కప్పిపెట్టడానికే ఈ దొంగలెక్కలు రాశారన్నది ప్రాసిక్యూషన్ వాదన, అందువల్లే అది పెద్ద నేరమైంది. అభియోగాలు ఎన్నున్నాయో గరిష్ఠ శిక్షతో గుణించి 136 ఏళ్లు అనడం కోర్టు మొహం చూడనివాళ్లు చేసే పని. మన దగ్గర కూడా ఒకే కేసులో నాలుగు సెక్షన్ల కింద శిక్షలు వేసినప్పుడు, అన్నీ ఏకకాలంలో అనుభవించాలి అన్న వాక్యం తీర్పు చివర ఎన్నిసార్లు టైపు చేయించి ఉంటానో లెక్కలేదు. గరిష్ఠం ఎంత అన్నది వదిలేసి, జడ్జి వేసింది ఎంత అని అడగండి.

ఇక మూడోది దోషి అన్న మాటకూ శిక్షకూ మధ్య ఉండే సందు. మన మేజిస్ట్రేటు కోర్టుల్లో ఇది ఎక్కువగా ఒకే రోజు అయిపోతుంది. జడ్జిగారు "నేరం రుజువైంది" అని చెప్పి తలెత్తి, "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" అని ముద్దాయిని అడుగుతారు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. బోనులో మనిషి కమ్మీ పట్టుకుని, "అయ్యా, ముసలి తల్లి ఉంది, చిన్న పిల్లకాయలు ఉండారు" అంటాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకోవడం నా పని. పది నిమిషాల్లో శిక్ష కూడా చెప్పేస్తారు.

న్యూయార్క్‌లో ఆ పది నిమిషాలు ఏడు నెలలకు పైగా సాగాయి. జడ్జి హువాన్ మెర్చన్ ముందు జులై 11కు వాయిదా వేశారు. జులై 1న అమెరికా సుప్రీంకోర్టు, అధ్యక్షుడు పదవి హోదాలో చేసిన పనుల మీద క్రిమినల్ కేసు పెట్టడానికి పరిమితులున్నాయని తీర్పిచ్చింది. దాంతో సెప్టెంబరు 18కి, తర్వాత నవంబరు 26కి, చివరకు 2025 జనవరి 10కి పోయింది. ఈ మధ్యలోనే పార్టీ ఆయన్ను అధికారికంగా అభ్యర్థిగా ప్రకటించింది, నవంబరు 5న పోలింగ్ జరిగింది, 312 ఎలక్టోరల్ ఓట్లతో ఆయన గెలిచాడు. శిక్ష ఏమిటో తెలియకుండానే అమెరికా ప్రజలు ఓటేశారు. జనవరి 10న జైలు లేదు, జరిమానా లేదు, షరతుల్లేకుండా వదిలేస్తున్నామన్నారు. దోషి అన్న తీర్పు మాత్రం అలాగే ఉంచారు. దాని మీద ఆయన అప్పీలుకు వెళ్లాడు. పది రోజులకు పదవీ ప్రమాణం చేశాడు. రాజకీయంగా ఈ కేసులో అన్నిటికంటే బరువైన సంగతి ఈ వాయిదాలే అని నా అభిప్రాయం. జైలు శిక్ష పడ్డ మనిషికి ఓటేయమంటే జనం ఒకలా ఆలోచిస్తారు, తేలని మనిషికి వేయమంటే ఇంకోలా ఆలోచిస్తారు.

నాలుగోది, ఆ దేశపు ఎన్నికల చట్టం ఏమంటుందో చూడాలి. టీ బంకు దగ్గర తగువు మొదలైంది ఇక్కడే. మా మేనల్లుడు మన చట్టాన్ని అమెరికాకు అంటగట్టాడు. అమెరికా అధ్యక్షుడు కావాలంటే వాళ్ల రాజ్యాంగం ప్రధానంగా అడిగేవి మూడు: పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు ఆ దేశంలో నివాసం ఉండాలి. శిక్ష పడినవాడు పోటీ చేయకూడదని లేదు. 1920లో యూజీన్ డెబ్స్ అనే సోషలిస్టు నాయకుడు అట్లాంటా జైల్లో ఖైదీగా ఉంటూనే పోటీ చేశాడు, తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఇంకొకటి: ట్రంప్‌ది రాష్ట్ర చట్టం కింద కేసు కాబట్టి అధ్యక్షుడికున్న క్షమాభిక్ష అధికారం దానికి పనిచేయదు.

మన దగ్గర అలా కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ఉంది. కొన్ని నేరాలకు శిక్ష ఎంత చిన్నదైనా అనర్హత వస్తుంది. మిగతా నేరాల్లో రెండేళ్లు, అంతకు మించి జైలు శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు. ఒకప్పుడు పదవిలో ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలు మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే పదవి నిలిచేది. 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది.

ఇక్కడ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ‘స్టే వచ్చింది’ అని వార్త వస్తే, దేని మీద స్టే అని అడగండి. శిక్ష అమలును ఆపడం వేరు, దోషి అన్న తీర్పును ఆపడం వేరు. రాహుల్ గాంధీ కేసు తారీఖులు పెన్సిల్‌తో వరసగా రాసుకుంటే ఎవరికైనా అర్థమైపోతుంది. 2023 మార్చి 23న సూరత్ కోర్టు పరువునష్టం కేసులో రెండేళ్లు వేసింది. మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఏప్రిల్ 3న పైకోర్టు శిక్ష ఆపి బెయిల్ ఇచ్చింది, అయినా సభ్యత్వం రాలేదు. ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోషి అన్న తీర్పు మీదే స్టే ఇచ్చింది. ఆగస్టు 7న సభ్యత్వం తిరిగొచ్చింది. బెయిల్ కాగితం పట్టుకుని స్వీట్లు పంచినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. అలాంటప్పుడు ఆర్డరు చివరి పేరా చదివి చెప్పమని వాళ్ల వకీలునే అడగమనేవాణ్ని.

చట్టం సంగతి తేలాక రాజకీయం చూడొచ్చు. వచ్చిన మొదటి వారం మాటలను బట్టి ఏమీ తేల్చుకోవద్దు. ముందు డబ్బు ఎటు పోతోందో చూడండి. తీర్పు వచ్చిన 24 గంటల్లో 5.28 కోట్ల డాలర్ల చందాలు వచ్చాయని ట్రంప్ బృందం ప్రకటించింది. కోపం వచ్చిన అభిమాని ముందు జేబులో చెయ్యి పెడతాడు. తర్వాత సొంత పార్టీవాళ్ల నోళ్లు చూడండి. మేరీల్యాండ్‌లో సెనేట్‌కు పోటీ చేస్తున్న లారీ హోగన్, తీర్పు ఏదొచ్చినా గౌరవించాలని రాశాడు. ట్రంప్ ప్రచారం నడిపే మనిషి, నీ ఎన్నిక ఇంతటితో సరి అన్న అర్థంలో అప్పటికప్పుడే బదులిచ్చాడు. నవంబరులో హోగన్ ఓడిపోయాడు. దానికి వేరే కారణాలూ ఉంటాయి గానీ, ఆ బదులు చూశాక మిగతావాళ్లు నోరు విప్పరు గదా. ఆ తర్వాత ఎదుటిపక్షానికి ఈ ఆయుధం ఎంతవరకు పనికొస్తుందో చూడాలి. జూన్ 11న అప్పటి అధ్యక్షుడు బైడెన్ కొడుకు హంటర్ కూడా తుపాకీ కేసులో దోషిగా తేలాడు, డిసెంబరులో తండ్రే క్షమాభిక్ష పెట్టాడు. ఇక వార్త ఎన్నాళ్లు బతుకుతుందన్నది చూడండి. జూన్ 27న బైడెన్ తడబడిన డిబేట్, జులై 13న ట్రంప్ మీద కాల్పులు, జులై 21న బైడెన్ తప్పుకోవడం. రెండు నెలలు తిరిగేసరికి 34 అన్న అంకె లోపలి పేజీకి పోయింది.

ఇంత దూరం చదివినవాళ్లు, ఇదే చూపు మన నియోజకవర్గం మీద కూడా పెట్టాలి. అమెరికా కేసు చూసి గుండెలు బాదుకోవడం తేలిక. మన అభ్యర్థి ఫారం 26 చదివిన ఓటరును మాత్రం మా బజారులో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఫారం 26 అంటే నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల మనకు దక్కిన హక్కు అది. ఎన్నికల సంఘం వాళ్ల ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లో ఎవరైనా చూడొచ్చు, రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద కూడా పెడతారు. ఆస్తుల పేజీ తర్వాత చూసుకోండి, అందరూ అక్కడే ఆగిపోతారు. కేసుల పేజీ తీయండి. పెండింగు కేసులకు ఒక పట్టిక, శిక్ష పడ్డ కేసులకు వేరే పట్టిక ఉంటాయి. పెండింగు వాటిలో ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్న గడి చూడండి. నేను చెప్పిన మెట్టు ఆ గడిలోనే తెలుస్తుంది. రాస్తారోకో చేసినందుకు పెట్టిన కేసూ, మనిషిని కొట్టినందుకు పెట్టిన కేసూ ఒకటి కాదు, అందుకని సెక్షన్ పక్కన రాసిన వివరం తప్పకుండా చదవండి. శిక్ష పడ్డ పట్టికలో తీర్పు తారీఖు, శిక్ష ఎంత, అప్పీలు ఏ స్థితిలో ఉంది అని ఉంటాయి. గడి ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే లేదని రాయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ గడి కనపడితే పరిశీలన రోజు లోపే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

కేసులున్న అభ్యర్థి వాటి వివరాలు ప్రచార సమయంలో మూడుసార్లు పేపర్లోనూ టీవీలోనూ ప్రకటించాలి. పేపర్లో అది సన్న అక్షరాలతో ఏ మూలో ఉంటుంది. మా ఇంట్లో ఆ ప్రకటనలు కత్తిరించి దాచే పని మా ఆవిడ తీసుకుంది. మేనల్లుడూ, వాడి బావమరిదీ ఈసారి ఫారం 26 ప్రింటు తీసుకుని రావాలని, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి కేసు నంబర్లు సరిచూశాకే ఎవరి గురించైనా మాట్లాడాలని ఒప్పుకున్నారు. కళ్లజోడు నేను తెచ్చుకుంటానని చెప్పాను.