మోడలింగ్ నుంచి టీవీకి మారడం ఎలా?

చీరల షాపుల కేటలాగులకు, నగల హోర్డింగులకు రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లు సీరియల్ ఆడిషన్‌కి వెళ్తే మొదటి రౌండ్ సులువుగానే దాటుతారు. ఎత్తు, రూపం, కెమెరా అంటే బెరుకు లేకపోవడం, ఇవన్నీ వాళ్లకి అప్పటికే ఉంటాయి. ఆగిపోయేది చేతికి డైలాగ్ పేపర్ వచ్చాక. ఫొటోకి ఒక్క క్షణం కుదిరితే చాలు. టీవీలో ఆ క్షణానికి ముందు నడక కావాలి, తర్వాత మాట కావాలి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వినడం కూడా రావాలి. లైట్లు మార్చిన ప్రతిసారీ అదంతా మొదట్నుంచీ మళ్లీ చేయాలి. దీనికి కనీసం ఆరు నెలల సాధన పడుతుందనుకోండి. ఆ ఆరు నెలలూ మోడలింగ్ ఆదాయాన్ని మాత్రం వదులుకోవద్దు.

1. టీవీలో ఏ పనో ముందు తేల్చుకోండి

"టీవీలో ఏదైనా చేస్తాను" అనేవాళ్లని, నటీనటుల్ని వెతికిపెట్టే కోఆర్డినేటర్లు గుర్తుపెట్టుకోరు. సీరియల్‌లో ముఖ్య పాత్ర అంటే నెలలో దాదాపు సగం రోజులు ఇచ్చేయాలి, అదీ నెలల తరబడి. యాంకరింగ్‌కి రోజులు తక్కువ పట్టినా తెలుగు తడుముకోకుండా రావాలి, స్క్రిప్టు తప్పినప్పుడు సొంత మాటతో నెట్టుకురాగలగాలి. డైలాగ్ ఉన్న యాడ్ ఒకటి రెండు రోజుల పని. మోడల్స్‌కి మొదటి మెట్టుగా ఇదే మేలు. పరిచయం ఉన్న షాపు వాళ్లనే అడిగి, ఈసారి యాడ్‌లో ఒక్క మాటైనా మీ గొంతుతో ఉండేలా చూసుకోండి. రియాలిటీ షోలతో ముఖం జనానికి తెలుస్తుంది, పని మాత్రం నేర్చుకోలేరు. అందుకే దాన్ని మొదటి ప్రయత్నంగా పెట్టుకోవద్దు.

మోడలింగ్ నుంచి వచ్చి టీవీలో నిలబడ్డవాళ్లని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. స్మృతి ఇరానీ 1998 మిస్ ఇండియా పోటీలో ఫైనలిస్టు. 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' సీరియల్‌లో తులసిగా ఇంటింటికీ తెలిశారు. ఆ పాత్రకి ర్యాంప్ సొగసు అక్కర్లేదు, నిండుగా చీర కట్టుకున్న ఇంటి కోడలు కావాలి. పద్మాలక్ష్మి యూరప్‌లో మోడల్‌గా పేరు తెచ్చుకుని, 1999లో వంటల పుస్తకం రాశారు. తర్వాత 2006 నుంచి 2023 దాకా అమెరికా వంటల పోటీ షో 'టాప్ షెఫ్' నడిపారు. మోడలింగ్ ఆవిణ్ని తలుపు దాకా తెచ్చింది, లోపల నిలబెట్టింది వంట. మీకు చేనేత చీరల గురించి బాగా తెలుసా, వ్యాయామం నేర్పగలరా, కూచిపూడి వచ్చా? ప్రొఫైల్‌లో మొదటి వరుసలో రాయాల్సింది అదే.

2. గొంతు మీద పనిచేయండి

ఎక్కువ కాలం ఇవ్వాల్సింది దీనికే. తెలుగు సీరియల్ హీరోయిన్లలో చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. సెట్లో వాళ్లకి ప్రాంప్టింగ్ ఇస్తారు, అంటే పక్కనుంచి డైలాగ్ అందిస్తారు, తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు పెడతారు. అది చూసి ఇక గొంతుతో పనేముందని అనుకోకండి. ప్రాంప్టింగ్ మీద ఆధారపడితే చెవి పక్కకి పోతుంది, కళ్లు ఖాళీ అవుతాయి, ఎదుటివాళ్ల మాటకి స్పందన అరక్షణం ఆలస్యమవుతుంది. క్లోజప్‌లో ఆ అరక్షణం స్పష్టంగా తెలిసిపోతుంది. పైగా తెలుగు వచ్చినవాళ్లకి ఇక్కడున్న గట్టి బలమే తెలుగు. దాన్ని చేజేతులా పోగొట్టుకోకూడదు.

రోజూ 30 నిమిషాలు కేటాయించండి. దినపత్రిక సంపాదకీయాన్ని 10 నిమిషాలు పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వినేటప్పుడు ల, ళ, న, ణ, శ, ష, స, ఒత్తక్షరాలు, దీర్ఘాలు మాత్రమే పట్టుకోండి. "నీ కళ్లలోకి చూసి చెప్తున్నా" అనే మాట "నీ కల్లలోకి" అయిపోతే ఎంత బరువైన సీనైనా తేలిపోతుంది. భయం "బయం" కావడం, ధైర్యం "దైర్యం" కావడం మామూలు సంభాషణలో ఎవరూ పట్టించుకోరు. గుడిలో ప్రమాణం చేసే సీన్‌లో మాత్రం కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. తప్పిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని మర్నాడు ముందుగా వాటినే చదవండి.

మిగతా 10 నిమిషాలు ఊపిరికి. ఫొటోల కోసం పొట్ట లోపలికి బిగబట్టి నిలబడే అలవాటు మోడల్స్‌కి నిద్రలో కూడా పోదు. దానివల్ల ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది, గొంతు సన్నబడుతుంది, వాక్యం చివర మాట మింగేస్తారు. తెలుగులో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే మనకి క్రియ చివర్లో వస్తుంది. "నేను ఆ ఇంటికి వెళ్లను", "నేను ఆ ఇంటికి వెళ్తాను": ఈ రెండింటికీ తేడా అంతా ఆఖరి మాటలోనే ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, పీల్చినప్పుడు చెయ్యి బయటికి వచ్చేలా చూసుకోండి. ఒకే ఊపిరిలో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడుతూ, ఇరవై కూడా ఒకటంత గట్టిగానే వినిపించేదాకా చేయండి.

ఊరి యాసని చెరిపేసుకోనక్కర్లేదు. నెల్లూరు, కరీంనగర్, శ్రీకాకుళం, ఏ మాటైనా సరే, దానితోపాటు అందరికీ పట్టే తెలుగు కూడా వస్తే రెండూ వచ్చని ప్రొఫైల్‌లో రాయండి.

3. ఫొటో అలవాట్లు వదిలించుకోండి

చిన్న సీన్ తీసుకుందాం. కోడలు కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెడుతూ, "రేపు నేను హైదరాబాద్ వెళ్తున్నానత్తయ్యా" అనాలి. ముందు ఇద్దరూ కనిపించే మాస్టర్ షాట్ తీస్తారు. మీరు కుడి చేత్తో గ్లాసు పట్టుకుని "రేపు" అన్న మాట దగ్గర బల్ల మీద పెట్టారు. తర్వాత మీ మీద మిడ్ షాట్, ఆ తర్వాత క్లోజప్. ఈసారి "హైదరాబాద్" అన్నాక పెట్టారు. ఇంకేముంది, ఆ రెండు షాట్లూ ఒకదానికొకటి అతకవు. కంటిన్యూటీ పోయిందని అసిస్టెంట్ డైరెక్టర్ మళ్లీ చేయిస్తాడు. ఎవరూ చూడకపోతే ఎడిటింగ్‌లో మీ మంచి క్లోజప్ తీసి పారేస్తారు.

దీనికి మందు పెన్సిలే. సీన్ పేపర్‌లో ఏ మాట దగ్గర ఏ చేత్తో ఏం చేస్తున్నారో ఆ మాట పైన గుర్తు పెట్టుకోండి. ఇంట్లో నాలుగు డైలాగుల సీన్ ఒకటి తీసుకుని, ఫోన్‌ని దూరంగా ఒకసారి, నడుము పైకి కనిపించేలా ఒకసారి, ముఖం వరకే ఒకసారి పెట్టి తీయండి. మూడింటిని వరసగా చూస్తే చేతులు ఎక్కడ తప్పాయో మీకే తెలుస్తుంది. మూడూ అతికేదాకా ఆ సీన్‌నే చేయండి.

మీరు వచ్చి ఆగాల్సిన చోట నేల మీద టేప్‌తో వేసే మార్క్ ఇంకో చిక్కు. దాని కోసం కిందికి చూస్తే షాట్ పోతుంది, దాటితే ఫోకస్ పోతుంది. ముందు మార్క్ మీద నిలబడి, అక్కణ్నుంచి బయలుదేరే చోటికి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టండి. టేక్‌లో అన్నే అడుగులు ముందుకి వేస్తే చూడకుండానే సరిగ్గా వచ్చి ఆగుతారు.

నటనలో లెన్స్‌లోకి చూడకూడదు, ఎదుటి పాత్ర ఉండే వైపు చూడాలి. యాంకరింగ్‌లో అయితే సూటిగా లెన్స్‌లోకే. ర్యాంప్ నడక కూడా పోవాలి. చెప్పుల్లేకుండా, మామూలు నూలు చీరలో, చేతిలో నీళ్ల బిందెతో ఇంట్లో తిరగండి. బరువు చేతిలో ఉంటే భుజాలు వాటంతటవే దిగుతాయి.

మోడలింగ్ ఇచ్చిన ఒక గొప్ప వరం మాత్రం దాచుకోండి. మీకు కదలకుండా ఉండటం తెలుసు. మన సీరియళ్లలో రియాక్షన్ షాట్ మీద కెమెరా అయిదారు సెకన్లు ఆగుతుంది. కొత్త నటులు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక కనుబొమలు ఎగరేస్తారు. మీరు నిలబడగలరు. కాకపోతే ఫోజులా నిలబడితే చూపు చచ్చిపోతుంది. "ఈవిడకెలా తెలిసింది?" లాంటి మాట ఒకటి మనసులో అనుకుంటూ ఉండండి, కళ్లలోకి ప్రాణం అదే వస్తుంది.

4. టీవీ కోసం వేరే ప్రొఫైల్, సెల్ఫ్ టేప్

మోడలింగ్ పోర్ట్‌ఫోలియో యథాతథంగా పంపొద్దు. రీటచ్ చేసిన ఫొటో చూసి పిలిచి, మనిషిని చూశాక నిరాశపడితే ఆ కోఆర్డినేటర్ మళ్లీ పిలవడు. ఈ నెలలో తీసినవి ఆరు నుంచి ఎనిమిది ఫొటోలు చాలు: మేకప్ లేని క్లోజప్, రెండు పక్కల నుంచి ముఖం, చీరలో, చుడీదార్‌లో, జీన్స్‌లో నిలువెత్తు ఫొటోలు. అబ్బాయిలైతే గడ్డంతో ఒకటి, లేకుండా ఒకటి.

సెల్ఫ్ టేప్‌కి, అంటే ఇంట్లో మీరే తీసి పంపే ఆడిషన్ వీడియోకి, ఫోన్ అడ్డంగా పెట్టండి. కంటి ఎత్తులో స్టాండ్ మీద ఉండాలి, ఎవరి చేతిలోనూ కాదు. కిటికీ మీ ఎదురుగా ఉండాలి. వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. వెనక గోడ ఖాళీగా ఉండాలి, ఫ్యాన్ ఆపేయాలి, ఎందుకంటే ఫోన్ మైక్ ముందు దాని చప్పుడునే పట్టుకుంటుంది. మొదట పేరు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు 15 సెకన్లలో చెప్పి, ఎడమకి, కుడికి తిరిగి చూపించండి. తర్వాత నిమిషం, నిమిషంన్నర డైలాగ్. ఎదుటి పాత్ర మాటలు చదివేవాళ్లు ఫోన్ పక్కనే నిలబడి తక్కువ గొంతుతో చదవాలి. నేపథ్య సంగీతం, ఫిల్టర్లు వద్దు.

5. ఆడిషన్, లుక్ టెస్ట్

పేపర్ ఇచ్చాక పది పదిహేను నిమిషాలే ఉంటాయి. మొత్తం బట్టీ పట్టడానికి చూడకండి. మీ పాత్రకి ఎదుటివాళ్ల నుంచి ఏం కావాలో ఒక్క ముక్కలో అనుకుని, మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం ఖాయంగా నేర్చుకోండి. "ఇప్పుడు కోపం తగ్గించి చేయమ్మా" అని డైరెక్టర్ అన్నారంటే నచ్చలేదని కాదు, చెప్తే మారతారా అని చూస్తున్నారు. రెండోసారి కూడా అచ్చు మొదటిలాగే చేస్తే అవకాశం అక్కడే పోతుంది.

కెమెరా ముందు మీ రూపం చూసే లుక్ టెస్ట్‌కి బట్టల్లో సన్న గీతలు, చిన్న గళ్లు వద్దు, తెర మీద అవి అలలుగా కదులుతాయి. ఆకుపచ్చ తెర ఉన్న స్టూడియోకి ఆకుపచ్చ కట్టుకెళ్లొద్దు. బట్టలకి తగిలించే చిన్న లేపల్ మైక్ పెట్టే చోట పట్టు గరగరమంటుంది. పొడవాటి హారం ఆ మైక్‌కి తగిలితే ప్రతి కదలికకీ చప్పుడే.

6. సంతకం పెట్టే ముందు

మొదట పాత అగ్రిమెంట్లు తీసి చదవండి. ఒక నగల షాపుకి ఏడాది పాటు పోటీ బ్రాండ్లకు చేయనని రాసిచ్చి ఉంటే, కొత్త సీరియల్‌కి అలాంటి స్పాన్సర్ వచ్చినప్పుడు గొడవవుతుంది. కొత్త అగ్రిమెంట్‌లో రోజుకి పారితోషికం ఎంత, నెలకి కనీసం ఎన్ని రోజులు, వేరే చానల్‌లో చేయవచ్చా, యాడ్లకి అనుమతి కావాలా, ఎన్నాళ్ల నోటీసుతో తప్పుకోవచ్చు అన్నవి రాతలో ఉండాలి. కాస్ట్యూమ్స్ ఎవరివో తప్పకుండా అడగండి. చీరలు, జాకెట్లు మీరే తెచ్చుకోవాల్సి వస్తే నెల సంపాదనలో పెద్ద ముక్కే పోతుంది. ప్రయాణం సంగతీ అంతే. మాదాపూర్‌లో ఉండి రామోజీ ఫిల్మ్ సిటీలో ఉదయం 9 గంటలకి షాట్ అంటే, మేకప్‌కి గంట కలుపుకుని ఆరింటికల్లా బయలుదేరాల్సిందే. కారు వాళ్లు పంపుతారా, ఖర్చు ఇస్తారా, ముందే తేల్చుకోండి.

ఆడిషన్‌కి డబ్బు అడిగితే అది ఆడిషన్ కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ఆర్టిస్ట్ కార్డు, "మా దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి", ఇవన్నీ ఒకే మోసానికి వేర్వేరు పేర్లు. హోటల్ గదిలో, రాత్రిపూట, ఒంటరిగా రమ్మంటే వెళ్లకండి. స్టూడియో అడ్రసు, ప్రొడక్షన్ మేనేజర్ నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఫిర్యాదుకి మామూలు గడువు 3 నెలలు. అందుకే మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచుకోండి.

7. డబ్బు లెక్క

మోడలింగ్‌లో చాలాసార్లు షూట్ రోజునే డబ్బు చేతికొస్తుంది. సీరియల్ పారితోషికం నెలా రెండు నెలలు ఆలస్యంగా, 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపన్ను) తీసుకుని బ్యాంకులో పడుతుంది. అంచేత మూడు నెలల ఇంటి అద్దె, ఖర్చులు పక్కన పెట్టుకుని దిగండి. కోసుకున్న టీడీఎస్ మీ పాన్ కింద జమయిందో లేదో ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి, రిటర్న్ వేస్తేనే ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. యాడ్లు, ప్రారంభోత్సవాల డబ్బు కూడా అందులో కలుస్తుంది.

ప్రతి షూటింగ్ రోజూ తేదీ, లొకేషన్, వచ్చిన సమయం, ప్యాకప్ సమయం, ఎన్ని సీన్లు చేశారో ఒక డైరీలో రాయండి. నెలాఖరున మేనేజర్ లెక్కలో 11 రోజులుండి మీ డైరీలో 12 ఉంటే, తేదీలు ముందు పెట్టి అడగవచ్చు. ఆ పని అదే వారంలో చేయండి. షెడ్యూల్ మారి మనుషులు మారాక, పాత రోజు లెక్క తేల్చేవాళ్లు దొరకరు.