స్క్రోల్ సా: వేళ్ళు భద్రంగా ఉండాలంటే

స్క్రోల్ సా అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కను వంపులుగా కోసే మిషన్. దాని బ్లేడు మార్చేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. పళ్ళు కిందికి చూడాలి. తలకిందులుగా బిగిస్తే చెక్క టేబుల్ మీంచి లేచి టపటపా కొట్టుకుంటుంది. బిగించాక బ్లేడును వేలితో మీటండి, తంబురా తీగలా ఖంగుమనాలి. వదులు బ్లేడు గీత తప్పుతుంది, తెగుతుంది కూడా.

కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. గ్లవ్స్, వదులు చేతుల చొక్కా వద్దు.

చెక్కను టేబుల్ మీద అదిమి ఉంచే మిషన్ భాగాన్ని (పాదం) అడ్డమని చాలామంది విప్పేస్తారు. అది ముమ్మాటికీ తప్పు. 3 మి.మీ. ప్లైవుడ్ దాని ఆసరా లేకపోతే విపరీతంగా అదురుతుంది. వేళ్ళు బ్లేడుకు రెండు పక్కలా ఉండాలి, ఎదురుగా ఎప్పుడూ కాదు. బ్లేడు వెనక్కి వంగుతోందంటే మీరు ఎక్కువ తోస్తున్నట్టే.

మధ్యలో తెగిందా? మిషన్ ఆపి, కదలిక పూర్తిగా ఆగాకే ముక్కలు తీయండి.