ట్రోమ్సోలో నార్తర్న్ లైట్స్ చూడాలంటే యాప్‌లోని కేపీ నంబరు కాదు, మబ్బు చూడండి

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో దాకా వెళ్లి, రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, అదే నార్తర్న్ లైట్స్ (అరోరా) చూడకుండానే తిరిగొచ్చిన వాళ్లు "మాకు రాసిపెట్టి లేదు" అంటుంటారు. చాలాసార్లు అది నిజం కాదు. ఆ రాత్రి వంద కిలోమీటర్ల అవతల నక్షత్రాలు మెరుస్తూనే ఉంటాయి. వీళ్లు మాత్రం మబ్బు కింద, హోటల్ గుమ్మం ముందు ఎదురుచూస్తుంటారు.

1. ఎప్పుడు వెళ్లాలి?

సెప్టెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సీజన్. మార్చిలోనే వెళ్లండి. పగలు మంచులో తిరగడానికి వెలుతురుంటుంది, రేయింబవళ్లు సమానంగా ఉండే ఆ రోజుల్లో లైట్స్ జోరు కూడా ఎక్కువ. డిసెంబరులో అక్కడ సూర్యుడే ఉదయించడు. కనీసం నాలుగు రాత్రులు ఉండాలి. రెండు రాత్రులకైతే టికెట్ కొనకండి.

2. బట్టలు

ఒంటికి ఆనుకుని ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్. లోపల కాటన్ వద్దు, చెమట పీల్చుకుని వణికిస్తుంది. బూట్లు కాస్త వదులుగా ఉండాలి. అంతే.

3. ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాలి?

అందరూ బోల్తా పడేది ఇక్కడే, నిదానంగా చదవండి.

ఫోన్‌లో అరోరా యాప్ పెట్టుకుని కేపీ నంబరు చూస్తూ కూర్చుంటారు. 2 ఉంటే దుప్పటి కప్పుకుంటారు, 5 ఉంటే ఎగిరి గంతేస్తారు. కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతుందో 0 నుంచి 9 దాకా చెప్పే సూచిక. భూమి మొత్తానికి ఒకటే లెక్క, మూడు గంటలకొకసారి మారుతుంది. ఎంత దక్షిణాన ఉన్నవాళ్లకు లైట్స్ కనిపించవచ్చో చెప్పడానికి పనికొస్తుంది. ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ధ్రువం చుట్టూ లైట్స్ తరచూ కనిపించే వలయం కిందే ఉంది. అక్కడ 1 లేదా 2 చాలు. 2024 మే 10న కేపీ 9కి చేరి, లద్దాఖ్‌లోని హాన్లే నుంచి కూడా ఎర్రటి వెలుగు కనిపించింది. అదే రాత్రి ట్రోమ్సోలో చీకటే పడలేదు, మే నెలలో అక్కడ రాత్రంతా వెలుతురే కదా! నంబరు ఎంతున్నా చీకటి, తేటైన ఆకాశం లేనిదే లాభం లేదు.

కాబట్టి మధ్యాహ్నం మూడింటికి నార్వే వాతావరణ సంస్థ యాప్ తెరవండి. వాన ఉందా లేదా అని కాదు, గంటగంటకీ మబ్బు ఎంత శాతమో చూడండి. కింది మబ్బు, మధ్య మబ్బు, పై మబ్బు వేరువేరుగా ఇస్తారు. పైన పల్చటి పొర ఉన్నా లైట్స్ దాన్ని దాటుకుని కనిపిస్తాయి. కింది మబ్బు గట్టిగా ఉంటే ఆ చోటు వదిలేయండి. ట్రోమ్సో ఒక్కటే చూస్తే చాలదు. తీరంలో సొమ్మరోయ్, లోపలివైపు షిబోట్న్, ఇంకా లోపల ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత గాలి ఎటు నుంచి వీస్తోందో గమనించండి. పడమర గాలైతే సముద్రం మీది తేమను మోసుకొచ్చి తీరమంతా కప్పేస్తుంది. ఆ తేమను లింగెన్ పర్వతాలు చాలావరకు ఆపేస్తాయి కాబట్టి వాటి వెనకున్న షిబోట్న్ తరచూ తేటగా ఉంటుంది. అది కూడా మూసుకుపోతే E8 అనే హైవే మీదే ముందుకెళ్లి కిల్పిస్‌యార్వి చేరాలి. గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తుంటే లెక్క తిరగబడుతుంది, తీరంలోనే ఆకాశం విచ్చుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి మళ్లీ చూసి అప్పుడే ఎటు పోవాలో తేల్చుకోండి. మధ్యాహ్నం అనుకున్నదే పట్టుకుని వేలాడొద్దు.

4. బండి

మంచు రోడ్డు మీద నడిపిన అలవాటు లేకపోతే కారు అద్దెకు తీసుకోవద్దు. చిన్న వ్యాన్ టూర్ ఎక్కండి. డబ్బు కట్టే ముందు ఒకటే అడగండి: "మబ్బు ఉంటే సరిహద్దు దాటి ఫిన్లాండ్ దాకా తీసుకెళ్తారా?" సూటిగా అవునంటేనే కట్టండి. పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి. పడుకుని ఆకాశం చూసే గాజు ఇగ్లూలకు (గాజు కప్పున్న గదులకు) అంత డబ్బు పోయడం నాకు నచ్చదు. మబ్బు పట్టిందని ఇగ్లూను పక్క ఊరికి తీసుకుపోలేం కదా.

5. కనిపించేటప్పుడు

మొదట ఉత్తరాన బూడిద రంగు చార ఒకటి కనిపిస్తుంది. చూస్తే పల్చటి మబ్బే అనుకుంటాం. నైట్ మోడ్‌లో ఫోన్‌ను ఏదైనా రాయికి ఆనించి మూడు సెకన్ల ఫొటో తీయండి. ఆకుపచ్చగా వస్తే అవి లైట్సే. ఆ చార అంచు పదునెక్కి, నిలువు గీతలుగా చీలి, ఒక్కసారిగా నడినెత్తికి పాకుతుంది. కింది అంచున గులాబి రంగు కదిలితే కెమెరా పక్కన పెట్టి కళ్లతో చూడండి. ఆ రంగు నిమిషం కూడా నిలవకపోవచ్చు.

తర్వాత అంతా చల్లారినట్టు అనిపిస్తుంది. జనం బండెక్కేస్తారు. మీరు ఎక్కొద్దు, గంటలోపే మళ్లీ రాజుకోవచ్చు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట దాకా ఉండండి. ఈలోగా ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి. ఆ చలికి బ్యాటరీ సగం ఉండగానే ఫోన్ ఆగిపోవచ్చు. లెన్స్ మీద ఊదకండి, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది.