నోడ్ 20 వేసినా 12 చూపిస్తుంటే: నా అనుభవం

ఉబుంటు 22.04లో ఎన్‌వీఎంతో (నోడ్ వెర్షన్లు వేసి, మార్చుకునే టూల్) నోడ్ 20 (జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) వేశాను. కొత్త టెర్మినల్ తెరిచి వెర్షన్ అడిగితే మళ్లీ 12.22.9! తీసేసి మళ్లీ వేయడం, డిఫాల్ట్ మార్చడం, రీస్టార్ట్, ఏదీ పనిచేయలేదు.

చివరికి ‘టైప్ హైఫన్ ఏ నోడ్’ కొట్టాను, దొరికే నోడ్‌లన్నీ వరుసగా చూపే కమాండ్ అది. జాబితాలో అన్నిటికన్నా పైన యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్‌లోది, అంటే ఎప్పుడో ఆప్ట్‌తో (ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్) వేసి మరిచిపోయింది. దాని కింద ఎన్‌వీఎంది. షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపేది) ముందు దొరికినదాన్నే నడుపుతుంది కదా. టెర్మినల్ తెరవగానే షెల్ చదివే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్ తెరిస్తే అట్టడుగున, ఎన్‌వీఎం లైన్ల తర్వాత, యూఎస్ఆర్ బిన్‌ను పాత్‌లో (షెల్ వెతికే ఫోల్డర్ల వరుస) ముందుకు తెచ్చే లైన్ ఒకటుంది. రాసింది నేనే, ఎందుకో గుర్తులేదు! దాన్ని కట్ చేసి ఎన్‌వీఎం లైన్లకు పైన పేస్ట్ చేశా. సేవ్ చేసి కొత్త టెర్మినల్ తెరిస్తే 20 వచ్చింది.

నా షెల్ బాష్. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్ వాడేవాళ్లు వేరే ఫైల్‌లో వెతకాలి, మీ కారణం ఇదే కాకపోవచ్చు కూడా.